‘ఏస్ అంటే ఎవరు?’ అన్న వాదన తెగనప్పుడు

అసెక్సువల్ (పొట్టిగా ఏస్; స్థూలంగా, ఇతరుల పట్ల లైంగిక ఆకర్షణ కలగని మనిషి) అనే మాటకు అర్థమేమిటని ఇద్దరు వాదించుకుంటున్నారంటే, చాలాసార్లు వాళ్లు ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చెప్పడం లేదు. రెండు వేరువేరు ప్రశ్నలకు జవాబులు చెబుతూ, అది ఒకటే ప్రశ్న అనుకుంటున్నారు. ఒకరు నిర్వచనం గురించి మాట్లాడుతుంటారు. ఇంకొకరు ‘నన్ను నేను ఈ పేరుతో పిలుచుకోవచ్చా’ అని అడుగుతుంటారు. అలాంటప్పుడు నిర్వచనం చదివి వినిపిస్తే, అడిగిన మనిషి చెవికి అది ‘నువ్వు మాలో లేవు’ అన్నట్టే తాకుతుంది.

ఏస్ మనుషులు కలుసుకునే చోట చర్చ నడిపేవాళ్లకు, ఈ విషయం మీద తెలుగులో రాసేవాళ్లకు, అనువదించేవాళ్లకు, కౌన్సెలర్లకు, సర్వే ప్రశ్నలు తయారుచేసేవాళ్లకు పనికొచ్చేలా ఇది రాస్తున్నాం.

ముందు తెలుగు మాటలు సరిచూసుకోండి

తెలుగులో సగం గొడవ అనువాదంలోనే పుడుతుంది. ‘అలైంగిక’ అనగానే సైన్స్ పాఠంలోని అలైంగిక ప్రత్యుత్పత్తి, రెండుగా చీలే అమీబా గుర్తొస్తాయి. ఇంగ్లీషులోనూ ఈ చిక్కు ఉంది. 2000లో యాహూలో మొదలైన తొలి ఏస్ బృందం ఆ పోలికనే తీసుకుని తన పేరులో ‘మానవ అమీబా’ అని పెట్టుకుంది. మనుషుల విషయంలో ఈ మాటకు పిల్లలు పుట్టడంతో గానీ, అవయవాలతో గానీ, సామర్థ్యంతో గానీ సంబంధం లేదు. అందుకే ‘అసెక్సువల్’, ‘ఏస్’ అనే మాటల్నే తెలుగు లిపిలో రాసుకోవడం మేలు. ‘అలైంగికత’ అని రాయాల్సి వస్తే, మొదటిసారి వాడిన చోటే దాని అర్థం ఒక వాక్యంలో చెప్పేయండి.

ఇంతకన్నా పెద్ద పొరపాటు ‘లైంగిక ఆసక్తి లేనివారు’ అని రాయడం. ఆసక్తి చాలా వెడల్పైన మాట. ఒక మనిషి వైపు లాగడం, ఒంట్లో కోరిక లేవడం, ఆ సంగతులు తెలుసుకోవాలన్న కుతూహలం, అన్నీ అందులో ఇమిడిపోతాయి. ఆ నిర్వచనం చదివి, ఒంట్లో కోరిక ఉన్న ఏస్ మనిషి ‘అయితే నేను కాదేమో’ అని పక్కకు తప్పుకుంటారు. నిజానికి వాళ్ల కోసమే ఆ వాక్యం రాసి ఉంటారు.

కాబట్టి రాసే ముందు నాలుగు మాటలకు హద్దులు గీసుకోండి. ఆకర్షణ అంటే ఒక ఫలానా మనిషి వైపు లైంగికంగా లాగడం. లిబిడో అంటే ఎవరి వైపూ తిరగకపోయినా శరీరంలో లేచే కోరిక. స్వయంతృప్తి పొందే ఏస్ మనుషులు చాలామందే ఉన్నారు, అందులో వైరుధ్యమేమీ లేదు. ప్రవర్తన అంటే చేసేది, చేయనిది. వైఖరి అంటే సెక్స్ అనే విషయం తమ వరకు ఎలా అనిపిస్తుందన్నది: కొందరికి వెగటు, కొందరికి పట్టింపు ఉండదు, కొందరికి అభ్యంతరం లేదు సరికదా బాగానే ఉంటుంది. ఏస్‌లలో ఈ మూడు రకాల వాళ్లూ ఉంటారు. ఇంగ్లీషు చర్చల్లో వీళ్లను వరసగా సెక్స్ రిపల్స్‌డ్, ఇండిఫరెంట్, ఫేవరబుల్ అంటారు.

బ్రహ్మచర్యం, సన్యాసం అనే మాటల్ని దగ్గరికి రానివ్వకండి. అవి నియమాలు, మనిషి పూనుకుని పాటించేవి. ఆకర్షణ కలగకపోవడంలో పూనుకునేదేమీ లేదు. ‘నపుంసక’ అనే మాట ఇక్కడ తప్పు మాత్రమే కాదు, గాయం కూడా.

గొడవ ఏ ప్రశ్న మీదో తేల్చండి

వాదన వేడెక్కినప్పుడు పనికొచ్చే చిట్కా ఒకటుంది. ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చి, ఈ వాక్యం పూర్తిచేయమనండి: ‘ఒక మనిషి ఏస్ కాదని నేను అనాలంటే, ఆ మనిషిలో … ఉండాలి.’ రెండు నిమిషాలు చాలు. ‘ఏస్ అంటే ఏమిటి’ అని అడిగితే అందరూ బట్టీపట్టిన వాక్యమే రాస్తారు. ఎవరు కాదో రాయమంటేనే మనసులో ఉన్న హద్దు బయటపడుతుంది.

ఒకరు ‘సెక్స్ కావాలనిపించాలి’ అని రాస్తే, గొడవ ఆకర్షణకూ కోరికకూ మధ్య. ‘ఒక్కసారైనా ఎవరి మీదో ఆకర్షణ కలగాలి’ అని రాస్తే, గొడవ ‘అసలు లేదు’ అనే దానికీ ‘దాదాపు లేదు’ అనే దానికీ మధ్య. ‘ఏదో మందు వల్ల, దెబ్బ వల్ల అలా అయి ఉండాలి’ అని రాస్తే అది కారణం గురించిన వాదన. ‘ప్రేమలో పడాలి’ అని రాస్తే రొమాంటిక్ ఆకర్షణనూ లైంగిక ఆకర్షణనూ కలిపేశారని అర్థం. ‘నేను ఏస్ కాదని ఆ మనిషే చెప్పాలి’ అని రాసినవాళ్ల ప్రశ్న పూర్తిగా వేరు: పేరు పెట్టే హక్కు ఎవరిది అన్నది వాళ్ల ప్రశ్న. ఇలా రాసినవాళ్లను ఆకర్షణ, కోరికల చర్చలోకి లాగితే ఎంతసేపైనా తేలదు.

కాగితాలు పక్కపక్కన పెట్టి చదవగానే చాలా జగడాలు అక్కడే చల్లారిపోతాయి. చల్లారనివి నిజమైన భేదాలు. వాటిని ఒక్కొక్కటిగా, ఒక పూటకు ఒకటి చొప్పున తీసుకోండి.

‘కావాలి’ అనే మాటను విప్పడం

అన్నిటికన్నా ఎక్కువగా తిరిగి తిరిగి వచ్చే వాదన ఇలా నడుస్తుంది.

‘సెక్స్ కావాలనుకునే మనిషి ఏస్ ఎలా అవుతారండీ?’
‘ఆకర్షణ వేరండీ, కావాలనుకోవడం వేరు.’
‘కావాలనుకోవడమేగా ఆకర్షణంటే!’

ఇక్కడ ఆగిపోతారు. అదే మాట రెండుసార్లు, మూడుసార్లు, కాస్త గొంతు పెంచి. చర్చ నడిపేవాళ్లు ఇక్కడ ఒకే పని చేయాలి: ‘కావాలి’ అనే మాట ముందు ఏముందో అడగాలి. దేనికోసం కావాలి? పిల్లలు కావాలని సెక్స్ కావాలనుకోవచ్చు. ఇష్టపడిన మనిషి సంతోషం కోసం కావచ్చు. ఒంట్లో తీవ్రత తగ్గడానికి, లేదా ఆ స్పర్శ బాగుంటుందని కావచ్చు. ఇవేవీ కాకుండా ‘ఆ మనిషిని చూస్తే ఆ మనిషే కావాలనిపించింది’ అన్నది ఇంకొకటి. ఆకర్షణ అని సాధారణంగా చెప్పేది ఈ చివరి దాన్నే. మొదటి వాటికి ఒక ఫలానా మనిషి లాగనక్కర్లేదు. అవి ఉన్నంత మాత్రాన ఏస్ అనే మాట అబద్ధం కాదు.

ఇంత విడదీశాక కూడా ఒక నిజమైన భేదాభిప్రాయం మిగులుతుంది, దాన్ని దాచకూడదు. ‘ఇతరులతో లైంగిక సంబంధం కోసం సహజంగా కోరిక లేకపోవడమే నిర్వచనం కావాలి’ అని వాదించేవాళ్లు ఏస్‌లలోనే ఉన్నారు. వాళ్ల వాదన గట్టిది. ఆకర్షణ ఎప్పుడూ కలగని మనిషికి, కలగలేదని ఎలా తెలుస్తుంది? తెలియని రుచి లేదని ఎలా చెప్పగలరు? కోరిక అయితే ఉందో లేదో ఎవరికి వారికి తెలుస్తుంది. రెండో మాట కూడా అంటారు: సెక్స్‌ను ఇష్టపడే ఏస్‌ల గురించే ఎక్కువగా చెబితే, సెక్స్ వద్దనే ఏస్‌ల మీద ‘నువ్వూ కాస్త సర్దుకోవచ్చుగా’ అని ఒత్తిడి పడుతుంది. ఆ భయం ఊహ కాదు. జీవిత భాగస్వాముల నుంచి ఆ మాట వినేవాళ్లు ఉన్నారు.

మా అభిప్రాయం మాత్రం ఆకర్షణ వైపే. కోరికను గీటురాయి చేస్తే, ఆకర్షణ మామూలుగానే ఉండి అలసట వల్లో, దిగులు వల్లో, మందుల వల్లో కొంతకాలం కోరిక తగ్గినవాళ్లు లోపలికి వచ్చేస్తారు. ఎవరి వైపూ ఎప్పుడూ లాగకపోయినా వేరే కారణాల వల్ల సెక్స్ కావాలనుకునేవాళ్లు బయటికి పోతారు. అయితే కోరికే నిర్వచనం కావాలనేవాళ్ల అభ్యంతరానికి జవాబు ఇవ్వాలి, అది ప్రశ్న అడిగే తీరులో ఉంది. ‘మీకు లైంగిక ఆకర్షణ కలుగుతుందా?’ అని అడగొద్దు. ‘ఒక మనిషిని చూసినప్పుడు, తలుచుకున్నప్పుడు వాళ్లతో శారీరకంగా కలవాలనిపిస్తుందని చాలామంది చెబుతారు, మీకు అలా అనిపించిన సందర్భం గుర్తుందా?’ అని అడగండి. తెలియని అనుభవానికి పేరు పెట్టమనడం కన్నా, వర్ణన విని పోల్చుకోమనడం తేలిక. ఇక ఒత్తిడి సంగతి: సెక్స్ ఇష్టపడే ఏస్‌ల గురించి రాసిన ప్రతిచోటా, వద్దనేవాళ్ల మాట కూడా అంతే స్పష్టంగా రాయాలి. ఎంత ఆకర్షణ ఉన్నా లేకపోయినా, వద్దు అంటే వద్దనే.

పాత నిర్వచనాలు ఎందుకు కలవవు

వాదనలో ఎవరో ఒకరు పాత పుస్తకమో, పరిశోధనో తీసి చూపిస్తారు. వాటిలో ఒక్కొక్కటి ఒక్కోదాన్ని కొలిచిందని తెలిస్తే కంగారు ఉండదు.

అమెరికాలో లైంగికత మీద పరిశోధించిన ఆల్ఫ్రెడ్ కిన్సీ బృందం 1948లో పురుషుల మీద, 1953లో స్త్రీల మీద ఇచ్చిన నివేదికల్లో 0 (పూర్తిగా వేరే లింగం వైపు) నుంచి 6 (పూర్తిగా తమ లింగం వైపు) వరకు స్కేలు ఉంది. లైంగిక సంబంధాలు, స్పందనలు లేనివాళ్లను ఆ స్కేలు మీద పెట్టకుండా ‘ఎక్స్’ అనే అక్షరం కింద విడిగా ఉంచారు. అంటే చూసింది చర్యల్నీ స్పందనల్నీ. 1972లో న్యూయార్క్‌లోని ఒక స్త్రీవాద బృందం నుంచి వచ్చిన ‘అసెక్సువల్ మేనిఫెస్టో’లో ఈ మాట రాజకీయ ఎంపిక: ఎవరితోనూ లైంగికంగా మెలగకూడదన్న నిర్ణయం. ఇవాళ ఆ మాటకున్న అర్థం అది కాదు. 1980లో మైఖేల్ స్టార్మ్స్ అనే మనస్తత్వవేత్త ఒకే గీత బదులు రెండు అక్షాలు గీశారు: తమ లింగం వైపు ఎంత, వేరే లింగం వైపు ఎంత అని. రెండింటిలోనూ తక్కువున్నవాళ్లు అసెక్సువల్. 2001లో డేవిడ్ జే మొదలుపెట్టిన అసెక్సువల్ విజిబిలిటీ అండ్ ఎడ్యుకేషన్ నెట్‌వర్క్, అందరూ ఏవెన్ అనేది, ‘లైంగిక ఆకర్షణ కలగని వ్యక్తి’ అన్న వాక్యాన్ని ప్రచారంలోకి తెచ్చింది.

2004లో ఆంథొనీ బోగార్ట్ అనే పరిశోధకుడు బ్రిటన్‌లో 18,000 మందికి పైగా పాల్గొన్న ఒక పాత సర్వేను తిరిగి పరిశీలించారు. సుమారు 1 శాతం మంది తమకు ఎవరి పట్లా ఎప్పుడూ లైంగిక ఆకర్షణ కలగలేదన్న జవాబును ఎంచుకున్నారు. ఈ ‘1 శాతం’ ఇప్పటికీ అన్నిచోట్లా తిరుగుతోంది. దాన్ని వాడేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి: ఆ మనుషులు తమను అసెక్సువల్ అని పిలుచుకున్నవాళ్లు కాదు, ‘ఎప్పుడూ’ అన్న జవాబును ఎంచుకున్నవాళ్లు. గ్రే (ఆకర్షణ చాలా అరుదుగా, తక్కువగా కలిగేవాళ్లు), డెమి (గాఢమైన అనుబంధం ఏర్పడ్డాకే కలిగేవాళ్లు) అని ఇవాళ చెప్పుకునేవాళ్లు ఆ లెక్కలో పడకపోవచ్చు. ‘ప్రపంచంలో 1 శాతం మంది ఏస్‌లు’ అని రాస్తే కొలిచిన దానికన్నా ఎక్కువ చెప్పినట్టు.

గొడుగు మాట, కొస మాట

అసెక్సువల్ అనే ఒకే మాటను రెండు పనులకు వాడతారు. ఆకర్షణ అసలే లేని ఆ కొసకు ఒకసారి, గ్రేసెక్సువల్, డెమిసెక్సువల్‌లను కూడా కలుపుకునే గొడుగుకు ఇంకోసారి. ఒకే పేరాలో రెండు అర్థాలూ వస్తే చదివేవాళ్లు తడబడతారు. గొడుగు అర్థంలో ‘ఏస్ స్పెక్ట్రమ్’ అని, కొస అర్థంలో ‘అసెక్సువల్’ అని ఎప్పుడూ విడిగా రాయండి. ఈ ఒక్క అలవాటుతో ‘నువ్వు నిజమైన ఏస్‌వి కావు’ అనే మాట సగం తగ్గుతుంది.

డెమి గురించి ఎప్పుడూ వచ్చే అభ్యంతరం ఒకటే: ‘మనిషి తెలిశాకే కదా ఎవరైనా దగ్గరయ్యేది, దానికో పేరా?’ చాలామంది ఆకర్షణ కలిగాక ఆగుతారు. మనిషి తెలిసేదాకా అడుగు వేయరు. డెమి మనుషులకు గాఢమైన అనుబంధం ఏర్పడేదాకా ఆకర్షణే కలగదు. ఆగేది నిర్ణయం, కలగకపోవడం నిర్ణయం కాదు. ఇంకో సంగతి కూడా చెప్పండి: అనుబంధం ఏర్పడ్డాక ఆకర్షణ తప్పక కలుగుతుందని కూడా లేదు.

ప్రేమ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. రొమాంటిక్ ఆకర్షణ కలగనివాళ్లను ఏరోమాంటిక్ లేదా ఏరో అంటారు. ఏస్‌లు అందరూ ఏరోలు కారు, ఏరోలు అందరూ ఏస్‌లు కారు. ‘ఏస్‌లు కూడా ప్రేమిస్తారండీ’ అని సమర్థించబోయే వాక్యం ఏరో అయిన ఏస్‌ను తోసేస్తుంది. ‘చాలామంది ఏస్‌లకు ప్రేమ కలుగుతుంది, కొందరికి కలగదు’ అంటే ఎవరూ బయట ఉండరు. రెండు ఆకర్షణలనూ ఇలా విడదీసి చూడటాన్ని స్ప్లిట్ అట్రాక్షన్ మోడల్ అంటారు. ఇది కొందరికి పనికొచ్చే పరికరం మాత్రమే. తన విషయంలో రెండూ విడదీయలేనని చెప్పే మనిషిని విడదీసి చెప్పమని బలవంతం చేయకండి.

నిర్వచనం రాయడం

కరపత్రానికైనా, పోస్టరుకైనా ఒక వాక్యం, దాని కింద మూడు సవరణలు సరిపోతాయి. మేం ఇలా రాస్తాం:

‘ఇతరుల పట్ల లైంగిక ఆకర్షణ కలగని, లేదా చాలా అరుదుగా, చాలా తక్కువగా మాత్రమే కలిగే వ్యక్తి ఏస్. ఇది బ్రహ్మచర్యం లాంటి నియమం కాదు, జబ్బు కాదు. ఒంట్లో కోరిక ఉండటం లేకపోవడం, సెక్స్‌లో పాల్గొనడం పాల్గొనకపోవడం మనిషికీ మనిషికీ మారుతుంది. ఈ పేరు తనకు సరిపోతుందో లేదో ఆ మనిషే తేల్చుకోవాలి.’

చివరి వాక్యాన్ని మొదటికి తెస్తే చెడిపోతుంది. ‘ఏస్ అనుకున్నవాళ్లే ఏస్’ అని మొదలుపెడితే, తనేమిటో తెలియక వెతుక్కుంటూ వచ్చిన మనిషికి పోల్చుకోవడానికి ఏమీ దొరకదు. అలాగని చివరి వాక్యాన్ని తీసేస్తే, మొదటి వాక్యం పరీక్ష పేపరు అయిపోతుంది. మాటకు గట్టి అర్థం ఉండాలి, ఆ మాట పెట్టుకున్న మనిషిని నిలదీయకూడదు. ఈ రెండూ కలిసే ఉండగలవు. మాట అర్థం మీద ఎంతైనా వాదించుకోవచ్చు. ఎదుటి మనిషికి పేరు అంటించడానికీ, ఉన్న పేరు పీకేయడానికీ ఎవరికీ హక్కు లేదు.

‘పుట్టుకతో’, ‘జీవితాంతం’ అనే మాటలు నిర్వచనంలో వాడకండి. మంచి ఉద్దేశంతోనే వాడతారు, ఇది తాత్కాలికం కాదని చెప్పడానికి. కానీ నలభై ఏళ్లకు ఈ మాట తెలుసుకున్నవాళ్లు, ఆఘాతం తర్వాత ఇలా మారినవాళ్లు, రేపు వేరే పేరు ఎంచుకునేవాళ్లు అందరూ ఆ మాటతో ఇరుక్కుంటారు. లైంగిక, జెండర్ మైనారిటీలందరినీ కలిపి చెప్పే ఎల్‌జీబీటీక్యూఐఏలోని ‘ఏ’ గురించి అడిగితే, అది అసెక్సువల్, ఏరోమాంటిక్, ఏజెండర్ (తమకు జెండర్ లేదనుకునేవాళ్లు) మనుషులకు చెందిందని చెప్పి ముందుకు సాగండి.

సర్వేలో, ఫారంలో

ఒకే ప్రశ్నతో అన్నీ తెలుసుకోవాలనుకుంటే ఏదీ తెలియదు. మూడు విడి ప్రశ్నలు పెట్టండి: ఆకర్షణ గురించి ఒకటి, ప్రవర్తన గురించి ఒకటి, తనను తాను ఏమని పిలుచుకుంటారన్నది ఒకటి. ఆకర్షణ ప్రశ్నలో కాలం చెప్పాలి. ‘ఎప్పుడూ’ అని అడిగితే ఒక సంఖ్య వస్తుంది, ‘గత 12 నెలల్లో’ అంటే ఇంకో సంఖ్య. పేరు ప్రశ్నలో అసెక్సువల్, గ్రే, డెమి విడివిడిగా ఉంచి, ఒకటి కన్నా ఎక్కువ ఎంచుకోనివ్వండి. ‘ఇతరములు’ అనే గడిలోకి వీళ్లందరినీ తోసేస్తే, తర్వాత విడదీయడం కుదరదు.

12 ప్రశ్నలున్న అసెక్సువాలిటీ ఐడెంటిఫికేషన్ స్కేల్ అని ఒకటుంది, 2015లో వెలువడింది. దాని మార్కులు 12 నుంచి 60 దాకా ఉంటాయి, 40ని గీతగా తీసుకుంటారు. అది పరిశోధనలో మనుషుల్ని బృందాలుగా విడదీయడానికి చేసిన సాధనం. దాన్ని ప్రవేశ పరీక్షలా వాడి ‘నీకు 37 వచ్చింది, నువ్వు కావు’ అనడం ఆ సాధనాన్ని పాడుచేయడమే.

డాక్టరు దగ్గర, కౌన్సెలర్ దగ్గర

2013లో వచ్చిన డీఎస్‌ఎం-5లో, అంటే అమెరికా మానసిక వైద్యుల సంఘం రోగనిర్ధారణ కోసం ప్రచురించే పుస్తకంలో, లైంగిక కోరిక తక్కువగా ఉండటాన్ని రుగ్మతగా గుర్తించాలంటే సుమారు 6 నెలలుగా ఉండాలి, దానివల్ల ఆ మనిషికి చెప్పుకోదగ్గ బాధ ఉండాలి. మనిషి తనను తాను అసెక్సువల్‌గా గుర్తించుకోవడమే ఆ కోరిక లేమికి తగిన వివరణ అయితే, ఆ రోగనిర్ధారణ చేయకూడదని కూడా అందులో ఉంది. కౌన్సెలర్లు చూడాల్సింది బాధ ఉందా లేదా అన్నదే కాదు, ఆ బాధ ఎక్కడి నుంచి వస్తోందన్నది కూడా. ‘నాలో ఏదో లోపం ఉందని అందరూ అంటున్నారు’ అన్న బాధకు మందు కోరిక పెంచడం కాదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఎప్పుడూ ఉన్న కోరిక ఉన్నట్టుండి తగ్గిపోతే, మొదలుపెట్టిన మందులు, ముఖ్యంగా కొన్ని డిప్రెషన్ మందులు, థైరాయిడ్, ఇతర హార్మోన్లు, మానసిక కుంగుబాటు చూపించుకోవడం మంచిది. ఆ మనిషి ఏస్ అయినా సరే. ‘మీరు ఏస్ కదా, అంతే’ అని పరీక్షలు మానేయడం ఎంత తప్పో, ‘థైరాయిడ్ ఉంది కాబట్టి మీరు ఏస్ కారు’ అనడమూ అంతే తప్పు. కారణం అనేది నిర్వచనంలో భాగం కాదు. కారణం దొరికినా దొరకకపోయినా పేరు ఆ మనిషిదే, వైద్యం కూడా ఆ మనిషి కోరితేనే.

‘నేను ఏస్‌నేనా?’ అని అడిగినప్పుడు

అవుననీ కాదనీ చెప్పకండి. మూడు అడగండి. పైన చెప్పిన ఆకర్షణ వర్ణన మీకు తెలిసినట్టుందా? ఈ మాట తెలిశాక మీ గతంలో ఏవైనా సంగతులు ఇప్పుడు అర్థమవుతున్నాయా? ఈ పేరుతో మిమ్మల్ని పిలుచుకుంటే తేలిగ్గా ఉందా, బిగుతుగా ఉందా? మూడోదానికి జవాబు రావడానికి వారాలు పట్టవచ్చు. కొన్నాళ్లు తమలో తామే వాడి చూడమనండి, ఎవరికీ చెప్పనక్కర్లేదు. తర్వాత ‘కాదేమో, డెమి అనుకుంటున్నా’ అనో, ‘ఏ పేరూ వద్దు’ అనో వస్తే, ముందు చెప్పింది అబద్ధమైపోదు; అప్పటికి తెలిసినదాన్ని బట్టి అప్పుడు పెట్టుకున్న పేరు అది. తర్వాత ఏమని పిలవాలో వాళ్లనే అడిగి, ఆ రోజు నుంచి అలాగే పిలవండి.